బాటఋణము

మేమెఱిగిన యొక పట్టణమున చెఱువుగట్టు వెంబడి జనులు ఉదయసాయంకాలములందు నడచుటకై కొన్నేండ్లక్రిందట ఒక కాలిబాట వేయబడినది. ప్రారంభోత్సవమునాడు మేమును పోయితిమి. పందిరి, పూలదండలు, పన్నీరు, ఉపన్యాసములు – ఏ లోపమును లేదు. బాట మొదట నల్లఱాతి ఫలకమొకటి నాటి దానిపై పెద్దల పేర్లు వరుసగా చెక్కించిరి. పిమ్మట రెండు వర్షకాలములు గడచినవి. గట్టు రెండుచోట్ల కోసికొనిపోయినది. కంపచెట్లు ఇరువైపులనుండి పెరిగివచ్చి నడుమ కలిసికొన్నవి. ఒక ముసలమ్మ అచట కాలుజాఱి పడి తుంటియెముక విఱుగగొట్టుకొనినది. నేడా ప్రదేశమున చెక్కుచెదరక నిలిచియున్నది ఆ ఫలకమొక్కటియే. గట్టునకు దాపున నివసించువారిని, నిత్యమచట నడచువారిని, పురపాలకోద్యోగులను మేము వేఱువేఱుగ అడిగితిమి. అందఱును చెప్పిన సమాధానము ఒక్కటియే: "అది మాది కాదు."

ఈ మాట వినుటకు సామాన్యముగ నున్నది గాని, కొంచెము విప్పిచూచినచో అందొక చిక్కుప్రశ్న కలదు. తన వాకిలిని తాను ఊడ్చికొనువానిని ధర్మాత్ముడని యెవరును అనరు. కూలి పుచ్చుకొని వీథి నూడ్చువానికి ఆ కూలియే ప్రతిఫలము. తనది కానిదానిని, కూలి లేక, పేరు లేక, తానెన్నడును చూడబోని బాటసారికొఱకు బాగుచేయువాడు ఏ బుద్ధితో చేయవలయును? చేయుమని అతనిని విధించుటకు మనకు హక్కు కలదా? విధించినచో అది వెట్టి కాదా? విధింపకున్నచో చెఱువుగట్టు గతి యేమి?

మన పూర్వులు సప్తసంతానములని యేడింటిని చెప్పిరి. పుత్రుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి, కృతి – ఇందు బాట లేదు. వారు బాటలను ఎఱుగనివారు కారు. దారుల వెంబడి మఱ్ఱిచెట్లు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు అశోకుడు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దముననే స్తంభములపై వ్రాయించెను. సత్రములకును చలిపందిళ్లకును మన దేశమున కొదవయే లేదు. అయినను బాట సంతానములలో చేరలేదు. మాకు తోచిన కారణమిది. గుడికి ప్రతిష్ఠ కలదు, చెఱువునకు తూముపై శాసనము కలదు, కావ్యమునకు అంకితము కలదు. బాటకు ఇట్టి ప్రతిష్ఠాముహూర్తము లేదు. దానిని ఒకడు వేసెనని చెప్పుటకు వీలులేదు. వేసిన మఱునాటినుండి వాన దానిని చెఱుపుచునే యుండును. ఎవడో ఒకడు మరల మరల పోయి వేయుచునే యుండవలయును. పేరు చెక్కించుకొనుటకు అనువుపడని పుణ్యమిది.

అట్లని మనవారికి పాలనధర్మము తెలియదనుట తప్పు. దానము చేయుటకంటె ఒరులు చేసిన దానమును కాపాడుట శ్రేష్ఠమను అర్థముగల శ్లోకము దక్షిణదేశపు దానశాసనములు అనేకములందు చివరను కానవచ్చును. అది రాబోవు రాజులను ఉద్దేశించిన మాట. ఆ హెచ్చరికను పౌరులు తమకే చెప్పికొన్నచో ఎట్లుండునో తెలిసికొనుటకు మేము దూరదేశపు దృష్టాంతమొకటి గ్రహించుచున్నాము.

అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పుభాగమున, దక్షిణమున జార్జియా మొదలు ఉత్తరమున మేన్ వఱకు, అపలేచియన్ పర్వతపంక్తి వ్యాపించియున్నది. దాని నెత్తముల వెంబడి స్ప్రింగర్ కొండనుండి కటాడిన్ శిఖరము వఱకు 14 రాష్ట్రములగుండ సుమారు 2,190 మైళ్ల కాలిబాట యొకటి సాగుచున్నది. అది సరకులు మోయుటకు గాని, సైన్యము నడుచుటకు గాని, తీర్థమునకు పోవుటకు గాని ఏర్పడినది కాదు. మనుష్యుడు ఊరక నడచి మనస్సును తేర్చుకొనుటకై ఏర్పడినది. ఏటేట 30 లక్షలకు మించిన జనులు దానిపై ఎచటనో ఒకచోట అడుగుపెట్టుచున్నారు. న్యూజెర్సీయందును వర్జీనియాయందును కాపురములున్న మన తెలుగువారికిని అది సెలవుదినపు ప్రయాణపు దూరములోనే యున్నది. దారి తప్పకుండుటకై చెట్లపైనను రాళ్లపైనను రెండంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల తెల్లని గుర్తులు పూయబడియున్నవి. వానిని పూసినవారిలో మిక్కిలి పెక్కుమంది పైసా వేతనము పుచ్చుకొననివారు.

ఈ బాటను ఊహించినవాడు బెంటన్ మెకై అనువాడు. ఇతడు 1879లో జన్మించెను, అటవీశాఖయందు పనిచేసెను. 1921 వసంతకాలమున ఇతని భార్య మరణించినది. ఆ దుఃఖమున న్యూజెర్సీలో మిత్రుని యాశ్రయమున నుండి వ్రాసిన వ్యాసము అదే సంవత్సరము అక్టోబరు నెలలో వాస్తుశిల్పుల సంఘపు పత్రికయందు వెలువడెను. అతడు కోరినది ఉత్త నడకదారి కాదు. యంత్రశాలలలో నలుగు కార్మికునకు పర్వతములపై విశ్రాంతి కావలయుననియు, దారి వెంట బసలును, వాని ప్రక్కను సహకారపద్ధతిని నడచు శిబిరములును, పొలములును వెలయవలయుననియు, అచట పోటీకి మాఱుగ పరస్పరసాహాయ్యము నెలకొనవలయుననియు అతని యభిలాష. ఆ పొలములు రాలేదు. ఆ శిబిరములును రాలేదు. వచ్చినది కొండమీది సన్నని బాటయు, దానిప్రక్క అక్కడక్కడ వానకు తలదాచుకొను గుడిసెలును మాత్రమే. సంస్కర్తల కలలు పెక్కు ఇట్లే చిక్కిపోవును గదా యని మొదట మాకును తోచినది. కాని తరువాతి కథ చదివిన కొలది మా యభిప్రాయము మాఱినది. మెకై కోరిన సహకారము పొలములందు మొలవక, బాటను బాగుచేయు పనియందు మొలచినది.

1923 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రపు బేర్ పర్వతమున తొలిభాగము తెఱవబడెను. 1925లో వాషింగ్టన్ నగరమున ఒక మహాసభ కూడి, ఈ పనికై సంఘమును స్థాపించెను. కొంతకాలము మాటలే జరిగినవి. పిమ్మట ఆర్థర్ పెర్కిన్స్ అను విశ్రాంత న్యాయాధిపతియు, ఆయన తరువాత మైరన్ ఏవరీ అను న్యాయవాదియు పూనుకొనిరి. ఏవరీ 1931 మొదలు 1952 వఱకు సంఘాధ్యక్షుడు. దూరము కొలుచు చక్రమును త్రోసికొనుచు ఇతడు కొండలెక్కి దిగుచు ఊరూర స్థానికసంఘములను పుట్టించెను. ఆయా కొండలకు దాపుననున్న ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వైద్యులు, విద్యార్థులు శనియాదివారములందు గొడ్డళ్లును రంగుడబ్బాలును తీసికొనిపోయి పనిచేసిరి. నిరుద్యోగయువకులకై 1933లో రూజ్వెల్టు ప్రభుత్వము నెలకొల్పిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ దళములును తోడ్పడినవి. 1937 ఆగష్టు 14వ తేదీన మేన్ రాష్ట్రమున చివరి రెండు మైళ్లు ముగిసినవి. బాట సంపూర్ణమాయెను.

సంపూర్ణమై నిలిచినది ఎన్ని దినములో చదువరులు గమనింతురుగాక. 1938 సెప్టెంబరులో గొప్ప తుపాను వచ్చి ఈశాన్యరాష్ట్రములలో లెక్కలేనన్ని చెట్లను బాటపై పడవైచినది. అటుపిమ్మట యుద్ధము వచ్చి గొడ్డలి పట్టిన చేతులకు తుపాకు లిచ్చినది. 1948లో ఎర్ల్ షేఫర్ అను యువకుడు, యుద్ధమున ప్రాణమిత్రుని కోల్పోయి వచ్చినవాడు, జార్జియానుండి మేన్ వఱకు 124 దినములలో ఏకధాటిగ నడచినపుడు బాట చాలచోట్ల పొదలలో మునిగియుండెను. అది మరల అవిచ్ఛిన్నమైనది 1951లో మాత్రమే. పదునాఱేండ్లు త్రవ్వినది పదునాలుగు నెలలలో తెగినది. తెగినదానిని అతుకుటకు పదుమూడేండ్లు పట్టినది. "పూర్తియైనది" అను క్రియకు బాట విషయమున అర్థము లేదు.

అచట జరుగు పని యెట్టిదో కొంత చెప్పవలయును. బాటకు పరమశత్రువు నడచువాని పాదము కాదు, నీరు. కొండవాలున దిగు నీటికి మనుష్యుడు చదును చేసిన దారి యనిన మహాప్రీతి; అందు దిగి దానినే కాలువ చేసికొనును. కావున బాటకు అడ్డముగ, కొంచెము ఏటవాలుగ, దుంగను గాని ఱాతిని గాని పాతి, నీటిని ప్రక్కకు మళ్లింతురు. ఆ దుంగవెనుక ఆకులును మట్టియు చేరును. ఏడాదికి ఒకటి రెండు మాఱులైనను పాఱతో దానిని తీసివేయకున్నచో నీరు దుంగమీదుగ పొర్లి మరల బాటలోనికే వచ్చును. ఒక్కొక్క దుంగవద్ద పని కొలది నిమిషములది. కాని అట్టి దుంగలు వేలకొలదిగ నున్నవి. ఇక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున కొమ్మలను నఱుకవలయును. పడిన చెట్లను కోయవలయును. వెలసిన తెల్లగుర్తులను మరల పూయవలయును. గుడిసెలదగ్గఱి మఱుగుదొడ్లను బాగుచేయుటయు వీరి పనియే. ఈ కడపటిదానికి ఫలకము వేయించుకొనుట ఎవరికిని ఇష్టముండదని మా నమ్మకము.

ఒక సంగతి మమ్ము ప్రత్యేకముగ ఆకర్షించినది. 1964 నాటి చట్టముచే కొన్ని అడవులు యంత్రస్పర్శ లేని అరణ్యములుగ ఏర్పాటైనవి. బాట వానిగుండ పోవుచోట యంత్రపుఱంపము వాడరాదు. ఇద్దఱు చెఱియొక కొనను పట్టి కోయు పాతకాలపు పెద్దఱంపమునే వాడవలయును. మన కోతవాండ్రకు తెలిసిన రహస్యమే వారికిని తెలియును. ఆ ఱంపమును ఎవడును త్రోయరాదు. తనవైపునకు లాగవలయును, పిమ్మట అవతలివాడు లాగునపుడు చేతిపట్టు సడలించి ఊరకుండవలయును. త్రోసినచో ఱేకు వంగి చెట్టులో చిక్కుకొనును.

ప్రభుత్వమునకును ఈ సంఘములకును కుదిరిన పొత్తు ఇట్టిదే. బాట మొదట చాలమేర పరుల భూములగుండ, యజమానుల దయచే సాగెడిది. యజమాని మాఱినను, మనసు మాఱినను దారి మాఱవలసివచ్చెడిది. భూమిని కొనుట సంఘముల తరము కాదు. 1968లో జాన్సన్ అధ్యక్షుడు జాతీయమార్గముల చట్టముపై సంతకము చేసెను. 1978 సవరణచే భూమి కొనుటకు ధనము లభించినది. నేడు ఆ బాట నూటికి 99 పాళ్లకు మించి సార్వజనికభూములయందే యున్నది. ఇంత చేసిన ప్రభుత్వము దుంగ దుంగకు ఒక ఉద్యోగిని నియమింపజాలదు. 1984లో దారి వెంట కొన్న భూముల నిర్వహణభారమును అది సంఘమునకే అప్పగించినది. కరోనా మహమ్మారికి ముందటి సంవత్సరములలో ఇంచుమించు 6,000 మంది స్వచ్ఛందసేవకులు ఏడాదికి 2,00,000 గంటలకు మించి పనిచేసిరి.

ఇచట విమర్శకుడు ఊరకుండడు. "పన్నులు పుచ్చుకొన్న ప్రభుత్వము చేయవలసిన పనిని జనులచే ఉచితముగ చేయించుకొనుట మర్యాదగల వెట్టి కాదా?" యని యడుగును. ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయజాలము. తెలుగునాట, అందును నిజాముకాలపు తెలంగాణమున, వెట్టి యెంతటి యమానుషమో ఎఱిగినవారము. పనిని "సేవ" యని పిలిచినంతమాత్రమున అది పవిత్రము కాదు. కాని వెట్టిని వెట్టి చేయునది కూలి లేకపోవుటయొక్కటియే కాదు. మానుకొను స్వేచ్ఛ లేకపోవుట. స్వచ్ఛందసేవకుడు ఏనాడైనను పాఱ క్రింద పెట్టి యింటికి పోవచ్చును. ఎవడును అతనిని కొట్టడు, అతని పశువులను తోలుకొనిపోడు. ఈ స్వేచ్ఛ ఉన్నంతవఱకే అది దానము. దీనినుండి ఒక ఫలితము తేలుచున్నది: ప్రభుత్వము తన కొనను పూర్తిగ విడిచిపెట్టి, దానకర్త మానుకొన్నచో మార్గమే నశించునట్లు చేసినచో, ఆ స్వేచ్ఛ పేరునకే మిగులును. మానుకొనుటకు అతని మనస్సొప్పదు. ఆ యొప్పకపోవుటయే ప్రభుత్వమునకు పెట్టుబడి యగును. ఇట్టి పొత్తులను కుదుర్చుకొన నెంచువారందఱును ఈ యపాయమును కనిపెట్టియుండవలయును.

విమర్శకుడు అడుగదగిన రెండవ ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. ఈ బాట "అందఱిది" యనుచున్నారు గదా, ఎవరీ యందఱు? వర్జీనియాయందు షెనాండోవా జాతీయోద్యానమును ఏర్పఱచుటకై వందలకొలది పేదకుటుంబములను కొండలనుండి ఖాళీచేయించిరి. 1936లో దానిని జాతికి అంకితము చేసిరి. 1939లో ఆ యుద్యానమున లూయిస్ కొండయను చోట నల్లజాతివారికి వేఱుగ విడిది ఏర్పాటు చేసిరి. ఈ వేర్పాటు 1950 ప్రాంతము వఱకును పోలేదు. అపలేచియన్ బాట ఆ కొండమీదుగనే పోవుచున్నది! చెట్టుపై తెల్లగుర్తు ఏ జాతివానికైనను ఒకే దారిని చూపును. కాని రాత్రి తలదాచుకొనుచోట మనుష్యుడు మనుష్యుని వేఱుచేసెను. మనము నవ్వుటకు అర్హులము కాము. ప్రజాధనముతో పోషింపబడు గుడిచుట్టు వీథులలో నడచు హక్కునకై 1924 మార్చి మొదలు 1925 నవంబరు వఱకు వైకోమునందు సత్యాగ్రహము చేయవలసివచ్చిన దేశము మనది. ఇరువది నెలల పిమ్మట మూడు ప్రక్కల వీథులు తెఱవబడినవి. తూర్పువీథి అప్పటికిని తెఱవబడలేదు. వెలివాడలనుండి ఊరిలోనికి పోవు దారి యెంతవఱకు తమదో ఎఱిగి నడచినవారు మన తెలుగుపల్లెలలో నేటికిని జీవించియున్నారు. బాటను శుభ్రము చేసినవాడే దానిపై నడువరాదని కట్టడి చేసిన సంఘమున "సేవ" యను మాట పలుకుటకు నోరు కొంత తడబడవలయును.

ఈ రెండు ప్రశ్నలకును మూలమొక్కటియేనని మాకు తోచుచున్నది. అది మమకారము. అపలేచియన్ బాటను కాపాడు సంఘములలో ఒక్కొక్క సేవకునకు కొన్ని మైళ్ల ముక్కను ఒప్పగింతురు. అతడు దానిని "నా ముక్క" యనును. అచటి ప్రతి దుంగయు, ప్రతి ఊటయు అతనికి తెలియును. ఈ "నా" యనునది లేనిచో అతడు మంచులో, జోరీగలలో ఏటేట పోవుట కల్ల. మా చెఱువుగట్టున లోపించినది ఇదియే. కాని ఈ "నా" ముదిరినచో క్రొత్తవాని నడక కంటగింపగును. దారి నాదికాబట్టి నీవు రావలదనుటకు ఎంతోదూరము లేదు. మెకైయును ఏవరీయును విడిపోయినది ఇచటనే. షెనాండోవా కొండలపై మోటారుబండ్లకై ప్రభుత్వము రాజమార్గము వేయగ అది కాలిబాటను త్రొక్కివేసినది. ఏవరీ, బాట కొంత ప్రక్కకు జరిగినను తెగకుండుట ముఖ్యమనెను. మెకై, మోటారుధ్వని వినబడుచోట తాను కోరిన బాటయే లేదనెను. 1935లో కలిగిన ఆ వైరము తీరలేదు. ఒకడు తాను కన్న కలను తనదనుకొనెను. ఒకడు తాను కొలిచిన మైళ్లను తనవనుకొనెను. మేము ఎవరి పక్షమని యడిగినచో, ఏవరీ పక్షమే. తెగినబాటను ఎవడును నడువలేడు గదా. అయినను మెకై వ్యధను తేలికచేయలేము.

మమత్వము లేని కర్మను మన వేదాంతులు బోధించిరి. మమత్వముతో మొదలుపెట్టి, పని ముగిసిన సాయంకాలము దానిని అక్కడనే విడిచివచ్చు విద్యను వారు బోధించిరో లేదో గాని, ఆ కొండలలో కొందఱు సామాన్యులు దానిని అలవఱచుకొన్నారు. ముక్కను చూచువాడు ముసలివాడైనపుడు మఱియొకనిని వెంటబెట్టుకొని నడచి, నీరు ఎచట నిలుచునో చూపి, పాఱ అప్పగించి దిగిపోవును. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణపుకొండలపై విఱుచుకొని పడినపుడు 400 మైళ్లకు మించి బాట మూయవలసివచ్చినది. తమ యిండ్లే దెబ్బతిన్న ఊళ్లనుండియు సేవకులు ఱంపములతో వచ్చిరి. మఱుసటి వసంతమునాటికి చాలభాగము మరల తెఱవబడినది. అందు ఎవడు ఏ చెట్టును కోసెనో బాట చెప్పదు.

ఈ వ్యాసము సగము వ్రాసినపిమ్మట కలము పెట్టి, ఒక యాదివారము ఉదయమున మేము కొడవళ్లతో చెఱువుగట్టునకు పోయితిమి. మొదటి వారము ఏడుగురు వచ్చిరి. రెండవవారము మువ్వురము మిగిలితిమి. మూడవవారము ఆ తుంటి విఱిగిన ముసలమ్మ మనుమడును, మేము పేరెఱుగని ఒక తోపుడుబండి వర్తకుడును చేరిరి. పురపాలకోద్యోగియొకడు కోసికొనిపోయిన చోట వేయుటకు రెండు బండ్ల మొరము పంపెదనని మాట యిచ్చినాడు, ఇంకను రాలేదు. కంపలో సగము పోయినది. శిలాఫలకమునకు అల్లుకొనిన తీగను కోయవలయునా, ఉంచవలయునా యని మాలో వాదము పుట్టినది. పేర్లు కనబడనక్కఱ లేదని కొందఱమందుము; తీగలో పాములు చేరునని మనుమడనుచున్నాడు.